చిన్న ఊళ్లో పనిచేసే ఈవీ ఛార్జర్‌ను పట్టుకోవడం ఎలా? బయల్దేరే ముందు నుంచి గన్ తీసేదాకా

పెద్ద నగరంలో ఒక ఈవీ (ఎలక్ట్రిక్ కారు) ఛార్జర్ పాడైతే రెండు వీధుల అవతల ఇంకోటి దొరుకుతుంది. చిన్న ఊళ్లో ఉన్నదే ఒకటో రెండో. అది పనిచేయకపోతే ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది. అందుకే చిన్న ఊరి విషయంలో "అక్కడ ఛార్జర్ ఉందా?" అని అడిగితే సరిపోదు. నా కారుకు పట్టే గన్ (కేబుల్ చివర ఉండే, కారులో పెట్టే ప్లగ్) ఉందా, నేను వెళ్లే వేళకు ఆ చోటు తెరిచి ఉంటుందా, ఈ వారంలో ఎవరికైనా అది నిజంగా కరెంటు ఇచ్చిందా అని అడగాలి. కింద చెప్పిన అంచెలన్నీ ఆ ప్రశ్నకు ముందుగానే జవాబు రాబట్టడానికే.

ఇలాంటి చోట్ల ఛార్జర్లు రోజుల తరబడి పాడై పడి ఉండటానికి కారణం ఉంది. వాడే కార్లు తక్కువ కాబట్టి రాబడి తక్కువ, కనెక్షన్‌కి కట్టాల్సిన ఖర్చు మాత్రం తగ్గదు. బాగుచేసే మనిషి దూరం నుంచి రావాలి. పైగా పాడైన సంగతి చెప్పేవాళ్లూ తక్కువే. వచ్చినవాళ్లు విసుక్కుని వెళ్లిపోతారు, ఛార్జర్ నడిపే కంపెనీకి, అంటే నెట్‌వర్క్‌వాళ్లకు, కబురే అందదు.

1. మీ కారు గురించి నాలుగు విషయాలు రాసుకోండి

కారుతో వచ్చిన పుస్తకం తీసి ఇవి చూడండి: ఛార్జింగ్ సాకెట్ ఏ రకం, ఏసీలో (ఇళ్లకు వచ్చే రకం కరెంటు) కారు గరిష్ఠంగా ఎన్ని కిలోవాట్లు తీసుకుంటుంది, డీసీలో (బ్యాటరీకి కావాల్సిన రకం కరెంటు) ఎన్ని, బ్యాటరీలో వాడుకోగలిగినవి ఎన్ని యూనిట్లు. ఒక కిలోవాట్ అవర్ అంటే ఒక యూనిట్.

సాకెట్ రకం దేశాన్ని బట్టి, కారు తయారైన కాలాన్ని బట్టి మారుతుంది. ఏసీకి వాడే టైప్ 2ను జర్మనీకి చెందిన మెన్నెకెస్ సంస్థ రూపొందించింది. 2014లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన ఆదేశంతో అక్కడ అదే ప్రమాణం అయింది. దాని కింద రెండు లావుపాటి డీసీ పిన్నులు చేరిస్తే సీసీఎస్ 2. కాబట్టి సీసీఎస్ 2 సాకెట్ ఉన్న కారుకు టైప్ 2 గన్ కూడా పడుతుంది. జపాన్ నుంచి వచ్చిన చాడెమో పూర్తిగా వేరే ఆకారం. చైనాలో జీబీ/టీ వాడతారు. ఉత్తర అమెరికాలో సీసీఎస్ 1 నడిచేది. 2022 నవంబరులో టెస్లా తన గన్ డిజైన్‌ను అందరికీ తెరిచాక ఎన్ఏసీఎస్ పేరుతో అదే వ్యాపిస్తోంది. కొన్నేళ్ల కిందట పెట్టి వదిలేసిన ఛార్జర్‌కు పాత రకం గన్ ఒక్కటే ఉండొచ్చు. మ్యాప్‌లో గుర్తు చూసి అక్కడిదాకా వెళ్లాక ఆ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు.

ఎక్కువమంది పొరబడేది ఏసీ దగ్గర. స్తంభం మీద 22 కిలోవాట్లు అని రాసి ఉన్నా, మీ కారు లోపలి ఛార్జర్ 7.2 కిలోవాట్లదైతే వచ్చేది ఆ 7.2 మాత్రమే. ఏసీని డీసీగా మార్చేది కారులో ఉన్న ఆ పెట్టె కాబట్టి హద్దు దానిదే. డీసీ ఫాస్ట్ ఛార్జర్‌లో ఈ మార్పిడి బయటే జరిగిపోయి కరెంటు నేరుగా బ్యాటరీకి వెళ్తుంది. 40 యూనిట్ల బ్యాటరీని 20 శాతం నుంచి 80 శాతానికి తేవాలంటే 24 యూనిట్లు కావాలి. 3.3 కిలోవాట్ల ఏసీ మీద ఎనిమిది గంటల పైమాటే. 7.2 మీద మూడున్నర నుంచి నాలుగు గంటలు. 50 కిలోవాట్ల డీసీ మీద, కారు ఆ వేగాన్ని తీసుకోగలిగితే, ముప్పావు గంటలో అయిపోతుంది. ఒకే ఊళ్లో, ఒకే రంగు గుర్తుతో మ్యాప్‌లో కనిపించే ఛార్జర్ల మధ్య ఇంత తేడా ఉంటుంది.

రెండు గన్నులున్న డీసీ ఛార్జర్ అయితే ఇంకో విషయం కూడా చూడండి. 60 కిలోవాట్లని రాసి ఉన్న చాలా మెషిన్లు రెండు కార్లు పెట్టగానే చెరో 30 పంచుతాయి.

2. మ్యాప్‌లో వెతకండి, కానీ తేదీలు చదవండి

ప్లగ్‌షేర్, ఓపెన్ ఛార్జ్ మ్యాప్, గూగుల్ మ్యాప్స్, ఆ ఊళ్లో ఛార్జర్ ఉన్న నెట్‌వర్క్ సొంత యాప్, వీటిలో కనీసం రెండు చూడండి. ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో ఉంటుంది. ముందుగా ఫిల్టర్‌లో మీ గన్ రకం పెట్టి మిగతావన్నీ తీసేయండి. గుర్తులు సగానికి సగం మాయమైనా కంగారు పడొద్దు. అవి ఎలాగూ మీకు పనికొచ్చేవి కావు.

తర్వాత ఒక్కో చోటును తెరిచి, చివరిసారి ఎవరు ఛార్జ్ చేసుకున్నామని రాశారో ఆ తేదీ చూడండి. నక్షత్రాల రేటింగ్ కన్నా నేను ఈ తేదీకే విలువ ఇస్తాను. మూడు రోజుల కిందట ఒకరు "పర్వాలేదు, 28 కిలోవాట్లు వచ్చింది" అని రాస్తే అది ఆర్నెల్ల కిందటి అయిదు నక్షత్రాల కంటే ఎంతో మేలు. ఫొటోలు కూడా పెద్దవి చేసి చూడండి. గన్ ఎటువైపు ఉంది, కేబుల్ పొడవెంత, గేటు లోపలా బయటా, పైన కప్పు ఉందా, లైటు ఉందా, ఇవన్నీ ఫొటోల్లో దొరుకుతాయి. వాహనాల షోరూమ్ ఆవరణలో ఉన్నవి సాయంత్రం తాళం పడతాయి. హోటల్‌వి కొన్ని తమ దగ్గర దిగినవాళ్లకే ఇస్తారు.

ఇక యాప్‌లో కనిపించే స్టేటస్ సంగతి. ఛార్జర్‌కూ నెట్‌వర్క్ సర్వర్‌కూ మధ్య మాటలు చాలావరకు ఓసీపీపీ అనే ప్రోటోకాల్ మీద నడుస్తాయి. అందులో ఛార్జర్ తన స్థితిని కొన్ని మాటల్లో పంపుతుంది. వాటిని చదవడం వస్తే చాలా సమయం కలిసొస్తుంది.

"అవైలబుల్" అంటే గన్ ఖాళీగా ఉందని ఛార్జర్ అనుకుంటోంది, అంతే. దాని ముందు ఎవరైనా పెట్రోలు కారు ఆపారా, గన్ పిన్ను విరిగిందా, గేటుకు తాళం ఉందా అన్నవి దానికి తెలియవు. "ప్రిపేరింగ్" అంటే ఎవరో ఇప్పుడే కేబుల్ పెట్టారు, లేదా పెట్టి యాప్‌తో తంటాలు పడుతున్నారు. "సస్పెండెడ్ ఈవీ" అంటే కారు తనకు చాలని ఆపింది. తరచుగా అది నిండిపోయిన కారే అయి ఉంటుంది. "ఫినిషింగ్" అంటే ఛార్జింగ్ ముగిసినా కేబుల్ ఇంకా తీయలేదు. ఈ రెండూ కనిపిస్తే యజమాని దగ్గర్లోనే ఎక్కడో ఉన్నట్టు లెక్క, ఆశ వదలక్కర్లేదు. "ఫాల్టెడ్" లేదా "అన్‌అవైలబుల్" అని ఉండి నిన్న కూడా అదే ఉంటే ఆ ఛార్జర్‌ను మీ జాబితాలోంచి కొట్టేయండి. కొన్ని యాప్‌లు, ఛార్జర్‌కు నెట్ తెగిపోయినా, చివరగా వచ్చిన స్టేటస్‌నే చూపిస్తూ ఉంటాయి. రోజంతా ఒక్కసారి కూడా మారని ఆకుపచ్చ గుర్తును, అంటే "అవైలబుల్"ను, చూస్తే నాకు అనుమానమే.

3. ఛార్జర్ ఉన్న చోటికి ఫోన్ చేయండి

ఇది చాలామంది మొహమాటపడి వదిలేసే అంచె. చిన్న ఊరికి వెళ్లేటప్పుడు దీన్ని మాత్రం వదలొద్దని నా మాట. హెల్ప్‌లైన్‌కి చేస్తే వాళ్లూ మీరు చూస్తున్న స్క్రీనే చూసి చెబుతారు. హోటల్‌కో, బంకుకో, అంటే ఛార్జర్ కళ్ల ముందు ఉన్న మనిషికి చేయండి. పనిచేస్తోందా అని అడిగితే "చేస్తుందండీ" అనే అంటారు. దానికి బదులు ఇలా అడగండి:

"నిన్న గానీ ఇవాళ గానీ ఎవరైనా ఛార్జ్ పెట్టుకున్నారా అండీ?"
"రెండు గన్నులూ నడుస్తున్నాయా, ఒకటేనా?"
"రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు? వేశాక వస్తే ఎవరిని పిలవాలి?"
"కరెంటు పోతే జనరేటర్ మీద ఛార్జర్ నడుస్తుందా?"

చివరి ప్రశ్న ముఖ్యం. 50 కిలోవాట్ల ఛార్జర్ 400 వోల్టుల మూడు ఫేజుల లైన్ మీద ఫేజుకు 70 ఆంపియర్ల పైనే లాగుతుంది. లైట్ల కోసం, ఫ్యాన్ల కోసం పెట్టుకున్న జనరేటర్‌కు అంత బరువు మోయడం కుదరదు. కాబట్టి కరెంటు పోయినంతసేపూ ఛార్జింగ్ ఉండదనే అనుకుని లెక్క వేసుకోండి.

4. ఎంత ఛార్జ్‌తో ఊళ్లోకి చేరాలో లెక్క వేయండి

నా నియమం ఒకటే: ఆ ఊళ్లోని ఛార్జర్ పనిచేయదనుకుని, దాని తర్వాతి ఛార్జర్‌కు వెళ్లగలిగినంత ఛార్జ్‌తో ఊళ్లోకి అడుగుపెట్టాలి.

ఉదాహరణకు మీ బ్యాటరీ 40 యూనిట్లు, కారు వంద కిలోమీటర్లకు 15 యూనిట్లు తాగుతుంది. ఊళ్లో ఉన్నది ఒకే ఫాస్ట్ ఛార్జర్, దాని తర్వాతది 45 కిలోమీటర్ల దూరంలో. అక్కడికి వెళ్లడానికి దాదాపు 7 యూనిట్లు, అంటే 17 శాతం. దారి మళ్లింపులకు, వానకు, ఎదురుగాలికి ఇంకో 8 శాతం. మొత్తం 25. కాబట్టి ఊళ్లోకి చేరేసరికి 25 శాతం ఉండేలా ముందు ఛార్జర్ దగ్గరే నింపుకుని రావాలి. అక్కడ అదనంగా పది నిమిషాలు కూర్చోవాల్సి వస్తే కూర్చోండి.

వంద కిలోమీటర్లకు ఎన్ని యూనిట్లో కంపెనీ చెప్పిన అంకె వాడొద్దు, మీ కారు డిస్‌ప్లేలో గత వెయ్యి కిలోమీటర్ల సగటు చూసి వాడండి. చలికాలంలో హీటర్ వాడితే, కొండదారి ఎక్కితే ఇది బాగా పెరుగుతుంది. దారిలో లెక్క తప్పుతోందని తెలిస్తే ముందు వేగం తగ్గించండి. కారును వెనక్కి నెట్టే గాలి నిరోధం వేగానికి వర్గం లెక్కన పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగం కన్నా 100 దగ్గర అది ఒకటిన్నర రెట్లకు పైనే. ఎయిర్ కండిషనర్ ఆపేసి చెమటలు కక్కుతూ వెళ్లడం కన్నా పది, పదిహేను కిలోమీటర్ల వేగం తగ్గించడం వల్ల హైవే మీద ఎక్కువ మిగులుతుంది.

5. యాప్, వాలెట్, సిగ్నల్: ఇంట్లోనే తేల్చేయండి

యాప్ దించుకుని, లాగిన్ అయి, డబ్బు వేసి పెట్టుకోండి. ఛార్జర్ ముందు నిలబడి, రెండు గీతల సిగ్నల్‌తో ఓటీపీ కోసం ఎదురుచూడటం కంటే టెన్షన్ ఇంకోటి ఉండదు. నెట్‌వర్క్ ఆర్ఎఫ్ఐడీ కార్డు ఇస్తే తప్పకుండా తీసుకోండి. ఫోన్‌కి నెట్ లేకపోయినా కార్డు తాకిస్తే మొదలవుతుంది. వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్ ఇంకొకటి కారులో ఉంటే మంచిది.

6. ఛార్జర్ దగ్గర మొదటి అయిదు నిమిషాలు

గన్ చేతిలోకి తీసుకుని దాని ముఖం చూడండి. పిన్నుల చుట్టూ నల్లగా మాడిన మరక, కరిగిన ప్లాస్టిక్, లోపల నీళ్లు, కేబుల్ మీద కోత కనిపిస్తే దాన్ని వాడొద్దు, ఆ గన్ ఎంత అవసరమైనా సరే. బాగుంటే సాకెట్‌లోకి టక్కున లాక్ పడేదాకా నెట్టండి.

ఇక్కడే చాలా ప్రయత్నాలు విఫలమవుతాయి. డీసీ కేబుల్ బరువుగా ఉంటుంది. ఆ బరువుకు గన్ కిందికి వాలి, పైనున్న చిన్న పిన్నులు సరిగా ఆనవు. కారూ ఛార్జరూ మాట్లాడుకునేది ఆ చిన్న పిన్నుల మీదుగానే. గన్‌ను అరచేత్తో కొద్దిగా పైకెత్తి, లోపలికి అదిమి పట్టుకుని అప్పుడు యాప్‌లో స్టార్ట్ నొక్కండి. ముందు మాటలు నడుస్తాయి, కారులో లాక్ పిన్ను దిగిన చప్పుడు వినిపిస్తుంది. తర్వాత కేబుల్ ఇన్సులేషన్ బాగుందో లేదో ఛార్జర్ పరీక్షించుకుంటుంది. అప్పుడు కాంటాక్టర్లు (కరెంటును కలిపే పెద్ద స్విచ్‌లు) పడిన "టక్... టక్" వినిపిస్తుంది. స్క్రీన్ మీద ఆంపియర్లు కదలడం మొదలయ్యాక చెయ్యి తీయొచ్చు. దీనికంతటికీ నిమిషం లోపే పడుతుంది.

7. మొదలవ్వకపోతే

వరస ఇది. యాప్‌లో ఆపి, గన్ తీసి, ఇరవై లెక్కపెట్టి మళ్లీ పెట్టండి. కారును లాక్ చేసి, మళ్లీ తీసి ఇంకోసారి ప్రయత్నించండి. కారులో ఫలానా సమయానికే ఛార్జ్ కావాలన్న టైమర్ పెట్టి ఉందేమో చూడండి, ఇంట్లో రాత్రిపూట కోసం పెట్టి మరిచిపోతుంటాం. రెండో గన్ ఉంటే దానికి మారండి. అప్పటికీ కాకపోతే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, ఛార్జర్ మీదున్న నంబరు చెప్పి, దూరం నుంచి రీసెట్ చేయమనండి. వాళ్లు రీబూట్ చేశాక మెషిన్ పూర్తిగా లేవడానికి కొన్ని నిమిషాలు ఆగాలి, తొందరపడి మధ్యలో గన్ పెట్టొద్దు.

ఒకసారి నేను 11 శాతంతో ఒక చిన్న ఊరికి చేరాను. పైన చెప్పిన నియమం అప్పటికి నాకు లేదు. చీకటి పడింది. యాప్‌లో ఉదయం చూసినప్పుడు ఆకుపచ్చ, దగ్గరికెళ్లి చూస్తే స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాలు. నలభై నిమిషాలపాటు యాప్ మూసి తెరిచి, గన్ తీసి పెట్టి, తర్వాతి ఊరు ఎంత దూరమో పదిసార్లు చూసుకున్నాను. చివరికి హెల్ప్‌లైన్‌లో దొరికిన అబ్బాయి అడిగాడు: "సార్, పక్కన ఎర్ర పుట్టగొడుగులాంటి బటన్ ఉంటుంది, అది లోపలికి నొక్కుకుని ఉందా?" ఉంది. ఎవరో పిల్లలు నొక్కారో, ఎవరి మోచెయ్యి తగిలిందో. అతను చెప్పినట్టు బాణం గుర్తు వైపు తిప్పితే అది టప్పున బయటికి వచ్చింది. రెండు నిమిషాల్లో స్క్రీన్ మామూలుగా వెలిగింది. అది ప్రమాదం వస్తే కరెంటు ఆపే అత్యవసర బటన్. అప్పట్నుంచి ఏ ఛార్జర్ దగ్గరైనా నేను మొదట చూసేది ఆ బటన్‌నే. నొక్కి ఉంటే వెంటనే తిప్పేయకండి. కాలిన వాసన, పొగ, నీళ్లు, దెబ్బతిన్న కేబుల్ ఏదైనా ఉందేమో చూసి, హెల్ప్‌లైన్‌కి చెప్పి, వాళ్లు సరేనంటేనే తిప్పండి. ఎవరైనా కారణం ఉండే నొక్కి ఉండొచ్చు.

అనుకున్నదాని కన్నా వేగం తక్కువగా వస్తుంటే అది పాడైనట్టు కాదు. బ్యాటరీ మరీ చల్లగా ఉన్నా, బాగా వేడెక్కి ఉన్నా కారే తక్కువ తీసుకుంటుంది. లైన్ చివర ఉన్న ఊళ్లలో సాయంత్రం వోల్టేజీ పడిపోతే ఛార్జర్ తన వేగం తగ్గించుకోవచ్చు, ఆగిపోవచ్చు కూడా. అలాంటి చోట తెల్లవారుజామున నా అనుభవంలో చక్కగా నడుస్తుంది.

8. 80 దగ్గర లేవండి

లిథియం అయాన్ సెల్ నిండేకొద్దీ దాని వోల్టేజీ పై హద్దుకు చేరుతుంది. ఆపైన కరెంటు తగ్గించకపోతే సెల్‌కు హాని, అందుకే కారు తనంతట తనే వేగం తగ్గిస్తుంది. చాలా కార్లలో చివరి 20 శాతానికి, దాని ముందు 20 శాతానికి పట్టినదాని కన్నా చాలా ఎక్కువ సమయం పడుతుంది. తర్వాతి ఛార్జర్‌కు ఆ 20 నిజంగా కావాలంటే కూర్చోండి. లేకపోతే ఊళ్లో ఉన్న ఒకే గన్‌ను మీరు పట్టుకుని ఉన్నారని, 9 శాతంతో ఎవరో వస్తూ ఉండొచ్చని గుర్తుపెట్టుకుని వదిలేయండి. కారు దగ్గర ఉండలేకపోతే అద్దం వెనక మీ ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టి వెళ్లండి.

9. రాత్రి బస ఉంటే మామూలు సాకెట్‌ను తక్కువగా చూడొద్దు

చిన్న ఊళ్లో అన్నిటికన్నా నమ్మకమైన ఛార్జింగ్ తరచుగా మీరు దిగిన చోట గోడకు ఉండే సాకెట్. పది గంటలపాటు 3 కిలోవాట్లు అంటే 30 యూనిట్లు. పదో వంతు నష్టం పోయినా 27 మిగులుతాయి. పైన లెక్కలోని కారుకు అది 180 కిలోమీటర్ల ప్రయాణం. గది బుక్ చేసేటప్పుడే పార్కింగ్ దగ్గర భారీ సాకెట్ ఉందా, కారుకు వాడుకోవచ్చా, కరెంటుకు విడిగా ఎంత ఇవ్వాలి అని అడగండి. అడక్కుండా పెట్టుకోవడం పద్ధతి కాదు.

కారుతో వచ్చిన కేబుల్ పెట్టెలో ఎర్తింగ్ లైటు ఎర్రగా వెలిగితే ఆ సాకెట్ వదిలేయండి. లోపల ఎర్త్ వైరు సరిగా లేదని అర్థం. దాన్ని దాటించే అడాప్టర్లు వాడటం ప్రాణాలతో చెలగాటం. చుట్టగా చుట్టిన ఎక్స్‌టెన్షన్ తీగ వాడొద్దు, చుట్టలో వేడి బయటికి పోదు. మొదలుపెట్టిన ఇరవై నిమిషాలకు ఒకసారి వెళ్లి ప్లగ్‌ను తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆపేయండి. ప్లగ్ కాస్త ఎక్కువ వెచ్చగా అనిపిస్తే కారులోనో కేబుల్ మీదో ఆంపియర్లు తగ్గించే వీలుంటుంది, 16 నుంచి 10కి, అంత వేగం అక్కర్లేదనుకుంటే 8కి దించండి. రాత్రంతా సమయం ఉంది కదా.

10. వచ్చేటప్పుడు నాలుగు ముక్కలు రాసి రండి

గన్ తీసి, దుమ్ములో పడేయకుండా హోల్డర్‌లో పెట్టి, కారు కదిలించే ముందే యాప్‌లో రాయండి. "బాగుంది" అని వదిలేయొద్దు. ఏ గన్, ఎన్ని కిలోవాట్లు వచ్చింది, ఎన్ని శాతం నుంచి ఎన్ని శాతానికి, గేటు ఎన్నింటికి వేస్తారు, ఎవరిని అడిగితే తెరుస్తారు, ఒక ఫొటో. పనిచేయకపోతే అది మరీ తప్పనిసరిగా రాయండి, నెట్‌వర్క్‌కి ఫిర్యాదు నంబరు తీసుకుని దాన్నీ రాయండి. ఇక్కడ నెలకు ఒకరు రాస్తే ఆ ఒక్కటే తర్వాత వచ్చేవాళ్లకు ఆధారం.

మీరు అదే ఊరివాళ్లయితే ఇంకాస్త చేయగలరు. వారానికోసారి అటు వెళ్లినప్పుడు స్క్రీన్ వెలుగుతోందా, ఎర్ర బటన్ బయటికే ఉందా చూసి స్టేటస్ పెట్టండి. ఊళ్లో బస ఉన్న చోట యజమానితో మాట్లాడి, ఫాస్ట్ ఛార్జర్ గురించి కాకుండా, 7 కిలోవాట్ల ఏసీ పాయింట్ ఒకటి పెట్టమని అడగండి. విడి సర్క్యూట్, మంచి ఎర్తింగ్, లీకేజీని పట్టి ట్రిప్ అయ్యే బ్రేకర్, తెలిసిన ఎలక్ట్రీషియన్ ఉంటే అది పెట్టడం పెద్ద పని కాదు. దానికి సాధారణంగా కొత్త ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, పాడయ్యే భాగాలు కూడా తక్కువే. పెట్టిన రోజే మీరు మ్యాప్‌లో చేర్చి, మొదటి ఛార్జింగ్ మీ కారుకే పెట్టి, ఎన్ని కిలోవాట్లు వచ్చిందో రాయండి.